వయసు మీదపడి చిక్కారా, తిండి చాలక చిక్కారా?

ధర్మవరం నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం ఈ వారం నా ముందున్నది. అందులోని ముఖ్యమైన భాగం ఇది:

"మా అత్తగారికి అరవై తొమ్మిదేళ్ళు. రెండేళ్ళ కిందట యాభై కిలోలు ఉండేవారు. ఇప్పుడు నలభై ఒకటి. జ్వరం లేదు, దగ్గు లేదు, నొప్పి అని కూడా అనరు. పొద్దున కాఫీ, రెండు ఇడ్లీలు, మధ్యాహ్నం చారన్నం, రాత్రి మజ్జిగన్నం. అంతకు మించి వద్దంటారు. మొన్నటిదాకా మగ్గానికి కండెలు చుట్టి ఇచ్చేవారు. ఇప్పుడు కూర్చున్న చోటి నుంచి లేవాలంటే గోడ పట్టుకోవాలి. డాక్టరుకు చూపిస్తే టానిక్కు రాసిచ్చి, వయసైంది కదమ్మా, మామూలే అన్నారు. నిజంగా మామూలేనా?"

మామూలు కాదమ్మా. ఈ ఒక్క ముక్క ఉత్తరంలో రాసి పంపితే సరిపోయేది. కాని ఇలాంటి ఉత్తరాలు నాకు ఏడాది పొడుగునా వస్తున్నాయి. నేను పని చేసే ప్రభుత్వాసుపత్రిలో ఓ.పి. వరుసలో రోజుకు పదిమందయినా ఇలాంటి పెద్దవాళ్ళు కనిపిస్తారు. వాళ్ళను అడిగితే "ఏం నాయనా, వయసైపాయ, ఇంక తిని ఏం జేయాల" అంటారు. వెంట వచ్చిన కొడుకూ అదే అంటాడు. నిజం చెప్పాలంటే మా వైద్యులలో చాలామందిమి కూడా అదే అంటాము. అందుకే ఈ సంగతి కాస్త వివరంగా రాస్తున్నాను.

తగ్గేది ఏది, తగ్గనిది ఏది

వయసు పెరిగే కొద్దీ మనిషికి కావలసిన తిండి తగ్గుతుందన్న మాటలో సగమే నిజం. పని తగ్గుతుంది, కండ తగ్గుతుంది గనుక శక్తి అవసరం తగ్గుతుంది. అంటే అన్నం కొంచెం తక్కువైనా నష్టం లేదు. కాని మాంసకృత్తుల అవసరం తగ్గదు. పైపెచ్చు కొంచెం పెరుగుతుంది. ముసలి శరీరం తిన్న మాంసకృత్తులను పడుచు శరీరంలా చురుకుగా కండగా మార్చుకోలేదు. సున్నం అవసరం, అనగా కాల్షియం అవసరం, పెరుగుతుంది. విటమిన్ల అవసరం తగ్గదు. మన ఇళ్ళలో జరిగేది దీనికి సరిగ్గా తలకిందులు. పెద్దవాళ్ళ విస్తట్లో మొదట మాయమయ్యేవి పప్పు, పాలు, గుడ్డు, మాంసం, చెనిక్కాయలు. చివరిదాకా మిగిలేది అన్నం, చారు.

నలభై దాటిన తరువాత ఎవరికైనా కండ కొద్దికొద్దిగా కరగడం మొదలవుతుంది. యాభై దాటితే ఆ కరుగుదల వేగం పుంజుకుంటుంది. కండకన్నా కండలోని బలం ఇంకా త్వరగా పోతుంది. దీనికి 1989లో అమెరికన్ వైద్యుడు ఇర్విన్ రోజెన్‌బర్గ్ సార్కోపీనియా అని పేరు పెట్టాడు. గ్రీకు భాషలో కండ కరువు అని అర్థం. అనంతపురం వాళ్ళకు కరువు అన్న మాట వేరే వివరించనక్కరలేదు. వర్షాభావం మన చేతిలో లేదు. కండ కరువు మాత్రం చాలా మేరకు మన చేతిలోనే ఉంది.

ధర్మవరం సోదరి రాసిన తిండిని లెక్క వేసి చూశాను. రెండు ఇడ్లీలలో నాలుగు గ్రాములు, రెండు పూటలకూ కలిపి రెండు వందల గ్రాముల బియ్యంలో పదిహేను, కాఫీలో పాలు, మజ్జిగ, చారులో తేలిన పప్పు బద్దలు అన్నీ కలిపి మరో ఆరు. మొత్తం మీద మాంసకృత్తులు ఇరవై అయిదు గ్రాములు దాటవు. భారత వైద్య పరిశోధనా మండలి 2020లో ప్రకటించిన లెక్క ప్రకారం ఆరోగ్యవంతులైన పెద్దలకు శరీరపు బరువులో ప్రతి కిలోకూ 0.83 గ్రాములు కావాలి. ముసలితనంలో కిలోకు ఒక గ్రాము, ఇంకొంచెం ఎక్కువైనా మంచిదని వృద్ధాప్య వైద్యంలో నిపుణులు చెబుతున్నారు. ఆమె పాత బరువు యాభై కిలోలు గనుక రోజుకు యాభై గ్రాములు కావాలి. దొరుకుతున్నది సగం. మిగతా సగాన్ని శరీరం ఎక్కడి నుంచి తెచ్చుకుంటుంది? తొడల నుంచి, పిక్కల నుంచి, భుజాల నుంచి. రెండేళ్ళుగా ఆమె తన కండను తానే తింటున్నదన్నమాట.

ఎలుకల కథ సగమే విన్నవాళ్ళు

ఈ మాట చెప్పగానే చదువుకున్న పాఠకులు ఒక ప్రశ్న వేస్తారు. "డాక్టరుగారూ, తక్కువ తింటే ఎక్కువ కాలం బతుకుతారని చదివామే?" అని.

నిజమే, అలాంటి పరిశోధన ఉంది. 1935లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో క్లైవ్ మెకే అనే శాస్త్రవేత్త ఎలుకలకు తిండి తగ్గించి పెంచాడు. కడుపునిండా తిన్నవాటి కన్నా అవి ఎక్కువ కాలం బతికాయి. ఆ తరువాత సంపన్న దేశాలలో ముసలితనం మీద జరిగిన పరిశోధనలో పెద్ద భాగం ఈ దారి పట్టింది. అయితే మెకే తగ్గించింది శక్తినిచ్చే భాగాన్ని మాత్రమే. విటమిన్లు, లవణాలు, మాంసకృత్తులు ఆ ఎలుకలకు లోటు లేకుండా అందాయి. మన అవ్వలకు జరిగేది దీనికి వ్యతిరేకం. అన్నం ఉంటుంది, తక్కినవి ఉండవు.

దాదాపు అదే కాలంలో మన దక్షిణాదిన మరో ఎలుకల పరిశోధన జరిగింది. నీలగిరులలోని కూనూరులో రాబర్ట్ మెక్కారిసన్ 1918లో చిన్నగా ఒక పరిశోధనశాల మొదలుపెట్టాడు. ఆయన దేశంలోని వేర్వేరు ప్రాంతాల ప్రజలు తినే తిండిని ఎలుకలకు పెట్టి పెంచాడు. గోధుమ రొట్టె, పాలు, పప్పు, కూరలతో పంజాబు తిండి తిన్నవి ఏపుగా పెరిగాయి. మరపట్టిన బియ్యమే ప్రధానంగా ఉన్న మద్రాసు తిండి తిన్నవి గిడసబారి, రోగాల పాలయ్యాయి. ఆ పరిశోధనశాలే 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. 1969 నుంచి దాని పేరు జాతీయ పోషకాహార సంస్థ. తార్నాకలో ఉంది. పోషణ, ముసలితనం గురించి పేద దేశాలవాళ్ళు చదవవలసిన పాఠం కార్నెల్ ఎలుకల కథ కన్నా ముందు కూనూరు ఎలుకల కథ అని నా అభిప్రాయం.

గంజి కేంద్రం దగ్గరి పిల్లలు

ఇప్పుడు ఒక పాత సంగతి చెప్పాలి. 1876-78 నాటి మహా కరువులో ఈ ప్రాంతమంతా బళ్ళారి జిల్లాలో ఉండేది. అనంతపురం ప్రత్యేక జిల్లా అయింది 1882లో. ఆ కరువు పనులకు వచ్చిన మగ కూలీకి రోజుకు ఒక పౌను, అంటే సుమారు 450 గ్రాముల ధాన్యం, పైన ఒక అణా చాలునని 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ నిర్ణయించాడు. అది చాలదని, రాళ్ళు కొట్టే మనిషి ఆ కూలితో నిలవడని మద్రాసు ప్రభుత్వంలోని వైద్యాధికారి కార్నిష్ వాదించాడు. నూట యాభై ఏళ్ళనాడు ఒక సర్కారు డాక్టరు తన పైవాళ్ళతో తిండి కొలత మీద పోట్లాడాడని చదివినప్పుడల్లా నాకు కొంచెం గర్వంగా ఉంటుంది.

1952లో మళ్ళీ రాయలసీమలో కరువు. ఊరూరా గంజి కేంద్రాలు తెరిచారు. కల్యాణదుర్గం వైపు ఒక పల్లెలో పదేళ్ళ పిల్లగా చెంబు పట్టుకుని ఆ వరుసలో నిలబడినవాళ్ళలో మా అమ్మ ఒకతె. ఆ ఏళ్ళలో తల్లి కడుపులో ఉన్నవాళ్ళు, చంటిపిల్లలుగా ఉన్నవాళ్ళు ఇప్పుడు డెబ్బై దాటి మా ఓ.పి. వరుసలో నిలబడుతున్నారు. అప్పటి ఆకలికీ ఇప్పటి రోగానికీ సంబంధం ఉందా?

ఉందనే పరిశోధనలు చెబుతున్నాయి. 1944-45 చలికాలంలో, యుద్ధం వల్ల హాలెండులో కొన్ని నెలలు తీవ్రమైన కరువు వచ్చింది. అప్పుడు గర్భంలో ఉన్న పిల్లలను యాభై ఏళ్ళ వయసులో పరీక్షిస్తే, వారి శరీరం చక్కెరను అదుపు చేసుకునే శక్తి తక్కువగా ఉన్నదని తేలింది. పూణేకు చెందిన డాక్టరు చిత్తరంజన్ యాజ్ఞిక్ మన దేశపు శిశువుల మీద పరిశోధించి, మన పిల్లలు పుట్టుకతోనే సన్నగా ఉంటారు గాని వారి ఒంట్లో కండ తక్కువ, కొవ్వు పాలు ఎక్కువ అని చూపాడు. 2004లో ఆయన తన ఫోటోను, ఇంగ్లండులోని తన సహపరిశోధకుడి ఫోటోను పక్కపక్కన అచ్చు వేయించాడు. ఎత్తుకు తగిన బరువు లెక్కలో ఇద్దరూ సమానమే. ఇంగ్లీషు ఆయన ఒంట్లో కొవ్వు 9.1 శాతం, మన ఆయన ఒంట్లో 21.2 శాతం! "సన్నంగ పుల్ల మాదిరి ఉండాను, నాకు షుగరేంది సార్" అని అడిగే అనంతపురం రైతుకు ఆ ఫోటోలే జవాబు.

మన దగ్గరే జరిగిన పరిశోధన మరొకటి ఉంది. 1987 నుంచి 1990 వరకు హైదరాబాదు సమీపంలోని 29 పల్లెలలో జాతీయ పోషకాహార సంస్థవారు పని చేశారు. పదిహేను పల్లెలలో గర్భిణులకు, బాలింతలకు, ఆరేళ్ళలోపు పిల్లలకు రోజూ మొక్కజొన్న, సోయా కలిపిన పిండితో ఉప్మా వండి పెట్టారు. పద్నాలుగు పల్లెలలో అప్పటికి ఆ పథకం రాలేదు. పిల్లలు పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ళవాళ్ళయ్యాక మళ్ళీ వెళ్ళి వెయ్యిమందికి పైగా పరీక్షించారు. ఉప్మా పెట్టిన పల్లెల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎత్తున్నారు. అది చిన్న సంగతే. వారి రక్తనాళాలు మెత్తగా ఉన్నాయి. ఇన్సులిన్ వారి ఒంట్లో మెరుగ్గా పని చేస్తున్నది. అది పెద్ద సంగతి. 2008లో ఈ ఫలితాలు బ్రిటిష్ వైద్య పత్రికలో వెలువడ్డాయి. అంటే ముసలితనంలో వచ్చే గుండెపోటును, చక్కెర వ్యాధిని అంగన్‌వాడీ గిన్నెలోని ఉప్మా కొంత ఆపగలదేమోనన్నమాట. ఆ పిల్లలకు ఇప్పుడు ముప్పై అయిదు దాటింది. వాళ్ళ ముసలితనం ఇంకా రాలేదు. పూర్తి జవాబు తెలియడానికి మరో ముప్పై ఏళ్ళు పడుతుంది. ఇలాంటి పరిశోధనకు డబ్బు కన్నా ఓపిక ఎక్కువ కావాలి.

అయితే పుట్టినప్పటి లోటును ఇప్పుడు ఎవరూ దిద్దలేరు. దిద్దగలిగినది ఈ పూట విస్తట్లోది. దేశమంతటా నలభై అయిదేళ్ళు దాటిన సుమారు 72,000 మందిని 2017-18లో పరీక్షించిన వృద్ధాప్య సర్వేలో, అరవై దాటినవారిలో నాలుగోవంతుకు పైగా ఉండవలసిన దానికన్నా తక్కువ బరువు ఉన్నారు. ఐదోవంతుకు పైగా ఎక్కువ బరువు ఉన్నారు. పేపర్లలో, సెల్‌ఫోన్లలో వచ్చే ఆరోగ్య సలహాలన్నీ ఈ రెండో రకంవారి కోసం రాసినవి. వాటిని చదివి పాటిస్తున్నది మొదటి రకంవారు.

నేను చేసిన తప్పు

ఇది నేను పుస్తకాల్లో చదివి చెబుతున్న మాట కాదు. 2008లో మా అమ్మకు అరవై ఆరేళ్ళప్పుడు రక్తపు పోటు బయటపడింది. కొలెస్టరాల్ కూడా కొంచెం ఎక్కువ. నేను డాక్టరు కొడుకును కదా. కాగితం తీసుకుని రాశాను. గుడ్డు వద్దు, నెయ్యి వద్దు, చెనిక్కాయలు వద్దు, గడ్డపెరుగు వద్దు, మాంసం అసలే వద్దు. ఉప్పు తగ్గించమన్నది ఒక్కటే ఆ కాగితంలో సరైన మాట. మా అమ్మకు చదువు రాదు గాని నేను రాసిన కాగితం దేవుడి పటం వెనక పెట్టుకుంది. ఊరుబిండి లేనిదే సంగటి ముద్ద దిగని మనిషి, ఊరుబిండి మానేసింది. ఊరుబిండి పోయాక సంగటి కూడా పోయింది. చారన్నం మిగిలింది.

మూడేళ్ళలో యాభై రెండు కిలోల మనిషి నలభై ఒకటికి వచ్చింది. పోటు అదుపులోకి వచ్చింది. పండక్కి వెళ్ళినప్పుడల్లా యంత్రం కట్టి చూసి "బాగా తగ్గిందమ్మా, ఇట్లే ఉండు" అని మెచ్చుకుని వచ్చేవాణ్ణి. చేతికి కట్టే పట్టీ రెండుసార్లు చుట్టుకుంటున్నదని చూశాను, ఎందుకని అడగలేదు. 2011లో ఒకరోజు పెరట్లో రెండు మెట్లు దిగబోయి పడింది. పడ్డది జానెడు ఎత్తు నుంచి. తుంటి ఎముక విరిగింది.

ఆపరేషన్ బాగానే చేశారు. వార్డులో ఆమెను చూడవచ్చిన నా సహాధ్యాయి ఒకరు కేసు షీటు చూడకుండా, మా అమ్మ పిక్కను చేత్తో పట్టుకుని చూసి, "అమ్మా, రోజూ ఏం తింటారు?" అని అడిగాడు. ఆమె నా వైపు చూసి, "వీడు తినమన్నదే తింటాండా నాయనా" అంది. ఆమె మళ్ళీ ఇంటి గడప దాటి నడవలేదు. పద్నాలుగు నెలలు బతికింది. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

రక్తపు పోటు ఉన్నవారికి చెనిక్కాయలు విషం కావు. ఉప్పు వేయకుండా వేయించిన గుప్పెడు కాయలు, రోజుకొక గుడ్డు చాలామంది పెద్దవాళ్ళకు నష్టం చేయవు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారి సంగతి వేరు. వారు మాంసకృత్తులు ఎంత తినాలో వారిని చూసే వైద్యుణ్ణే అడగాలి. తక్కినవారిలో ఎవరికైనా ఒక పదార్థం మానిపించేటప్పుడు, దాని బదులు ఏం తినాలో కూడా అదే నోటితో చెప్పాలి. ఇప్పుడు నేను చీటీ మీద ముందు తినవలసినవి రాస్తాను.

బియ్యం వచ్చింది, సంగటి పోయింది

1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చినప్పుడు నాకు పదమూడేళ్ళు. అంతవరకు మా ఇంట్లో వరి అన్నం పండగ తిండి. ఆ పథకం ఎన్నో పొయ్యిలు ఆరిపోకుండా కాపాడింది. దాన్ని నేను తప్పు పట్టను. కాని సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కురిసే ఈ మెట్టభూమిలో రాగులు, కొర్రలు, సజ్జలు, జొన్నలు, ఉలవలు పండిన చేలన్నీ అదే కాలంలో చెనిక్కాయ చేలయ్యాయి. కాయ మిల్లుకు పోయింది. రైతు ఇంటికి బియ్యం బస్తా, పామాయిల్ ప్యాకెట్టు వచ్చాయి.

వంద గ్రాముల రాగి పిండిలో 350 మిల్లీగ్రాములకు అటు ఇటుగా సున్నం ఉంటుంది. అరవై దాటినవారికి రోజుకు కావలసింది 1200. బియ్యంలో ఉండే సున్నం లెక్కలోకి రాదు. పైగా సంగటికి పళ్ళతో పని లేదు. ముద్ద చేసి మింగడమే. పళ్ళూడిన ముసలివాళ్ళ కోసమే పుట్టిన తిండి అది. దాన్ని మాన్పించి "మెత్తగా ఉంటుంది" అని చారన్నం పెడుతున్నాము!

ఇక్కడొక హెచ్చరిక. ఈమధ్య పట్నాలలో రాగి సంగటి హోటళ్ళు వెలిశాయి. షుగరు ఉన్నవాళ్ళు ఎంతయినా తినవచ్చని ప్రచారం. రాగిలోనూ ముప్పాతిక పాలు దాకా పిండిపదార్థమే. రాగి జావను పల్చగా కాచి గ్లాసులకు గ్లాసులు తాగితే చక్కెర చకచకా పెరుగుతుంది. ముద్ద చిన్నదిగా, దానితో పప్పో ఆకుకూరో ఎక్కువగా ఉంటే మంచిది.

యాభై గ్రాముల మాంసకృత్తులకు దూరం వెళ్ళనక్కరలేదు. వంద గ్రాముల రాగి పిండితో సంగటి ఏడు గ్రాములు ఇస్తుంది. నూట యాభై గ్రాముల బియ్యం పదకొండు. కందిపప్పు, పెసలు, ఉలవలు, అలసందలు ఏవైనా యాభై గ్రాములు పదకొండు. గుప్పెడు చెనిక్కాయలు, అనగా ముప్పై గ్రాములు, ఏడు. పాలు, పెరుగు కలిసి ముప్పావు లీటరులో సగం కన్నా తక్కువైనా పది. ఒక గుడ్డు ఆరు. మొత్తం యాభై రెండు. గుడ్డు తిననివారు పప్పును కొంచెం పెంచుకోవాలి. పళ్ళు లేనివారికి చెనిక్కాయలు గింజలుగా పెట్టవద్దు, పొరబోతుంది. ఊరుబిండిగా నూరండి, లేదా పొడి కొట్టి సంగటిలో కలపండి. బూజు పట్టిన కాయ, నల్లబడిన కాయ, చేదుగా ఉన్న కాయ మాత్రం పారేయండి. ఆ బూజులోని విషం కాలేయాన్ని చెడగొడుతుంది. వేయించినంత మాత్రాన పోదు.

ఈ మాంసకృత్తులన్నీ ఒక్క పూటే పెట్టవద్దు. మూడు పూటలా పంచండి. మన ఇళ్ళలో పెద్ద ఆడవాళ్ళు అందరూ తిన్నాక రాత్రి తొమ్మిదింటికి అడుగున మిగిలినది తింటారు. ఆ వేళకు పప్పు గిన్నె ఖాళీ. అత్తగారికి ముందు వడ్డించండి. ఆమె ఒప్పుకోరు. అయినా వడ్డించండి.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. 2024 నుంచి మన రాష్ట్రంలో వృద్ధాప్య పింఛను నెలకు 4,000 రూపాయలు. రోజుకొక గుడ్డుకు నెలకు రెండు వందల చిల్లర అవుతుంది. పింఛను పుచ్చుకున్న అవ్వలను "ఆ డబ్బు ఏం చేస్తివి?" అని అడుగుతుంటాను. మనవడి ఫీజు, కూతురికి సంక్రాంతి చీర, బెంగుళూరు బస్సు చార్జీ అంటారు. గుడ్డు అన్నవారిని ఇంతవరకు వేళ్ళ మీద లెక్కపెట్టగలను.

కండకు పని కూడా కావాలి

తిండి ఒక్కటే కండ కాదు. మంచం మీద కూర్చోబెట్టి గుడ్లు, పాలు పెడితే కొవ్వు పెరుగుతుంది. చేతులు లేని కుర్చీలో కూర్చుని, చేతులు ఛాతీ మీద కట్టుకుని, ఐదుసార్లు లేచి కూర్చోమనండి. పదిహేను సెకన్లు దాటితే కాళ్ళలో బలం తగ్గినట్టే. అదే పరీక్షను రోజూ రెండు పూటలా, పక్కన మనిషిని పెట్టుకుని, పదేసిసార్లు చేస్తే అదే వ్యాయామం. పెద్దావిడ చేతిలోని చీపురును మర్యాద కోసం లాక్కోకండి.

జపానువారు కనిపెట్టిన పరీక్ష మరొకటి ఉంది. టేపు కూడా అక్కరలేదు. కూర్చుని, రెండు చేతుల బొటనవేళ్ళు, చూపుడు వేళ్ళు కలిపి ఉంగరంలా చేసి, ఎవరి పిక్కను వారే లావుపాటి చోట చుట్టాలి. వేళ్ళు కలవకపోతే మంచిదే. వేళ్ళు కలిసి, ఇంకా మధ్యలో సందు మిగిలితే కండ కరిగిందని అనుమానించాలి. కాళ్ళు వాచినవారికి ఈ పరీక్ష చెల్లదు.

బి12 అనే విటమిన్ గురించి రెండు మాటలు. ఇది మొక్కలలో లేదు. పాలు, పెరుగు, గుడ్డు, చేప, మాంసంలోనే ఉంటుంది. వయసుతో జీర్ణకోశంలో ఆమ్లం తగ్గి, తిన్నది కూడా సరిగా ఒంటికి పట్టదు. షుగరుకు వాడే మెట్‌ఫార్మిన్, గ్యాసుకు ఏళ్ళ తరబడి మింగే మాత్రలు దాన్ని ఇంకా తగ్గిస్తాయి. అరికాళ్ళు తిమ్మిరెక్కడం, నడకలో తూలడం, మతిమరుపు, నాలుక ఎర్రబడి మంట పుట్టడం దాని లక్షణాలు. ఇదీ "వయసు" ఖాతాలోనే జమ అవుతుంటుంది. ఖరీదు లేని ఇంజక్షన్లతో చాలామందికి మేలు చేయవచ్చు, ఆలస్యం కాకపోతే.

లోతు బోరు నీళ్ళు ఏళ్ళ తరబడి తాగిన పల్లెలవారికి నడుము కొయ్యబారితే అది ఫ్లోరైడు వల్ల కావచ్చు. తిండిలో సున్నం తక్కువైనవారికి ఆ విషం ఎముకలను ఎక్కువగా పాడు చేస్తుందని నల్లగొండ జిల్లా పరిశోధనలు 1970లలోనే చూపాయి. లీటరు నీటిలో ఒక మిల్లీగ్రాము దాటిందేమో పరీక్ష చేయించి, దాటితే తాగడానికి వేరే నీళ్ళు తెచ్చుకోవాలి.

ధర్మవరం సోదరికి

అమ్మా, మీ అత్తగారు రెండేళ్ళలో తొమ్మిది కిలోలు తగ్గారు. కోరకుండా ఆరు నెలల నుంచి ఏడాదిలోపు ఇరవయ్యో వంతు బరువు తగ్గినా, అంటే యాభై కిలోల మనిషి రెండున్నర కిలోలు తగ్గినా, పరీక్ష చేయించాలన్నది మా నియమం. తిండి తక్కువైందని మనకు తెలుస్తూనే ఉంది. అయినా అదొక్కటే కారణమని ఇంట్లో కూర్చుని తేల్చకూడదు. ముసలివారిలో క్షయ దగ్గు లేకుండా కూడా వస్తుంది. ప్రభుత్వాసుపత్రిలో ఛాతీ ఎక్స్‌రే, కళ్ళె పరీక్ష, రక్తంలో చక్కెర, రక్తహీనత, థైరాయిడ్, మూత్రపిండాల పరీక్ష చేయించండి. ముద్ద గొంతులో అడ్డుపడుతున్నదా, మలంలో రక్తం కనిపిస్తున్నదా, రొమ్ములో గడ్డ ఉందా అని మీరే ఏకాంతంగా అడగండి. మగ డాక్టరుకు చెప్పరు. ఒకవేళ క్షయ అని తేలితే మందులతో పాటు తిండి కూడా వైద్యమే. జార్ఖండ్‌లో 2019 నుంచి 2022 వరకు క్షయ రోగుల ఇళ్ళకు నెలనెలా తిండి సరుకులు ఇచ్చి చూస్తే, ఇంట్లోని తక్కినవారికి ఆ జబ్బు సోకడం దాదాపు సగానికి తగ్గింది.

మరో ప్రశ్న కూడా అడగాలి. మామగారు పోయి ఎన్నాళ్ళయిందో మీరు రాయలేదు. పక్కన కూర్చుని తినే మనిషి పోయినప్పుడు ఆకలి కూడా పోవడం నేను చాలాసార్లు చూశాను. అది దిగులు అనే జబ్బు. దానికీ వైద్యం ఉంది.

పళ్ళ డాక్టరుకు చూపించండి. రాత్రి పూట చారన్నం బదులు చిన్న సంగటి ముద్ద, ఊరుబిండి, మెత్తగా ఉడికిన పప్పు పెట్టి చూడండి. మొదటి వారం సగం మిగులుస్తారు. గొడవ పడకండి, మీరూ పక్కన కూర్చుని తినండి. మధ్యాహ్నం నాలుగింటికి ఒక గ్లాసు పాలు. ఎండాకాలంలో దప్పిక లేదన్నా గంటకొకసారి మజ్జిగో నీళ్ళో చేతికి ఇవ్వండి. ఈ వయసులో దప్పిక తెలియదు. టానిక్కు సీసా అయిపోతే మళ్ళీ కొనకండి, ఆ డబ్బుతో గుడ్లు వస్తాయి.

నెలకొకసారి, ఒకే త్రాసు మీద, పొద్దున తినకముందు బరువు చూసి గోడ క్యాలెండరు మీద రాయండి. మూడు నెలల తరువాత ఆ మూడు అంకెలూ, ఎక్స్‌రే ఫలితమూ నాకు రాసి పంపండి. కండెలు మళ్ళీ చుడుతున్నారో లేదో కూడా రాయండి.